చేవెళ్ళ మర్రిచెట్ల కింద సైకిలు ప్రయాణం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ మాట్లాడవలసిన వేదిక మీద సైకిలు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నా తరవాత భోజనాలే కనుక మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను.

నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా ఆఫీసుకు సైకిలు మీదనే వెళ్ళినవాణ్ణి. ఆ రోజుల్లో మనలో సగంమంది అంతే. దీపం లేకుండా దొరికితే చక్రాల్లో గాలి తీసేసేవారు, గుర్తుందా? ఇప్పుడు అదే రోడ్డు మీద నెత్తిన మెట్రో పోతోంది. 2017లో అది వచ్చిన తరవాత కింద రద్దీ తగ్గుతుందనుకున్నాం గాని, పగటిపూట సైకిలు తొక్కే ధైర్యం నాకైతే లేదు. తెల్లవారుజామున 5 గంటల సంగతి వేరు. ఆ వేళకు పంజాగుట్ట చౌరస్తా కూడా పల్లెటూరి కూడలి లాగానే ఉంటుంది.

రిటైరైన తరవాత మేము నలుగురం కలిసి ఒక దారి పట్టుకున్నాం. ఎర్రగడ్డ, పంజాగుట్ట, మాసాబ్ ట్యాంకు, మెహదీపట్నం, లంగర్‌హౌస్ దాటి పోలీసు అకాడమీ కూడలికి చేరితే అక్కడి నుంచి బీజాపూర్ రోడ్డు. మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ, వికారాబాద్, ఆపైన అనంతగిరి కొండ. మొత్తం 80 కిలోమీటర్ల పైచిలుకు. మా వేగం గంటకు 12 కిలోమీటర్లు. ఒక్కరోజులో పోయి రావడం మన వయసుకు పని కాదు. కొండ మీద పర్యాటక శాఖవారి వసతి ఉంది, గుడి ఉంది. రాత్రి అక్కడ ఆగి మర్నాడు తిరుగుముఖం పట్టాలి. ఓపిక లేకపోతే వికారాబాద్‌లో రైలెక్కవచ్చు. సైకిలును లగేజీ రసీదు మీద బ్రేకు వ్యానులో వేస్తారు గాని, బండి ఆగేది కొద్ది నిమిషాలే కనుక ముందుగానే స్టేషనులో విచారించుకోవాలి.

ఈ దారిలో ఒక చమత్కారం ఉంది. మన ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఉంది కదా, అనంతగిరి మీద కూడా పూర్వం నుంచి క్షయరోగుల శానిటోరియం ఉంది. మందులు సరిగా లేని కాలంలో మంచిగాలే మందు. ఆ గాలి కోసం వెనకటివాళ్ళు రోగులను ఏ కొండకు పంపారో, మేము సైకిళ్ళ మీద ఆ కొండకే పోతున్నామన్నమాట. మూసీ పుట్టేదీ అక్కడే. నగరంలో ముక్కు మూసుకుని దాటే నది పుట్టినచోట ఎట్లా ఉంటుందో ప్రతి హైదరాబాదీ ఒకసారి చూడాలని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి, ఆ రోడ్డు మీద చెట్లు. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు, దారి పొడుగునా మర్రిచెట్లు. దాదాపు తొమ్మిది వందలని లెక్క తేల్చారు. కొన్నిచోట్ల రెండు పక్కల కొమ్మలూ కలిసి పందిరి వేసినట్టుంటుంది. ఎండలో వచ్చి ఆ నీడలోకి చక్రం పెట్టగానే ఒంటికి తెలిసే తేడా కారులో అద్దాలు బిగించుకుని పోయేవారికి తెలియదు. అక్కడక్కడా టీ కొట్టు, సీతాఫలాల కాలంలో గంపలు పెట్టుకున్న ఆడవాళ్ళు. చేవెళ్ళ దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "ఏం సారూ, బస్సు దొరకలేదా? ఈ వయసుల గింత తిప్పలేంది?" అని అడిగి, టీ డబ్బులు తానే ఇచ్చాడు. మన రైతుబజారుకు కూరగాయలు తెచ్చే రైతులు ఈ వైపువారే. వాళ్ళ పొలాలు చూసి వచ్చిన తరవాత టమాటాల దగ్గర నేను బేరమాడడం మానుకున్నాను. మా ఆవిడకు మాత్రం అది నచ్చలేదు.

ఈ పల్లెలు ఇంకా పల్లెలుగా మిగలడానికి కారణం ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరవాత ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. ఆ రెండు చెరువుల్లోకి వచ్చే నీరు చెడకూడదని 1996లో జీవో 111 ఇచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేశారు. 2022లో జీవో 69తో ఆ పగ్గం సడలించారు. దాని ఫలితం సైకిలు మీద పోయేవారికి ముందుగా కనిపిస్తుంది. ఒక్కో యాత్రకు ఒక్కో కొత్త ప్రహరీ గోడ, ఒక్కో కొత్త వెంచరు బోర్డు.

మా అమ్మాయి కాపురం ఫ్రాన్సు దేశపు దక్షిణాన తులూజ్ నగరంలో. అల్లుడిది విమానాల తయారీకి సంబంధించిన ఉద్యోగం. 2019లో మూడు నెలలు అక్కడ ఉన్నాను. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేయకుండానే వీసా వచ్చిందని మా వాళ్ళు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. తులూజ్ నుంచి సముద్రం దాకా 240 కిలోమీటర్ల కాలువ ఒకటుంది, కెనాల్ దు మిదీ అంటారు. 1666లో మొదలుపెట్టి 1681లో పూర్తిచేశారు. గోదావరి కాలవల మీద లాకులు చూసినవారికి అందులో వింత ఏమీ ఉండదు. వింతల్లా గట్టు. పూర్వం గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన గట్టు మీద ఇప్పుడు సైకిళ్ళు పోతున్నాయి. తులూజ్ వైపు సుమారు 50 కిలోమీటర్లు చక్కని తారు బాట. మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. నాకంటె పెద్దవాళ్ళు, భార్యాభర్తలు, వెనక సంచులు వేలాడేసుకుని ఊరి నుంచి ఊరికి పోతుంటారు. మధ్యాహ్నం పల్లెల్లో రొట్టెల దుకాణాలు మూసేస్తారు కనుక పొద్దున్నే కొనుక్కోవాలి. నీళ్ళు ఎక్కడా దొరక్కపోతే శ్మశానం గేటు దగ్గర కుళాయి ఉంటుందని ఒక ముసలాయన సైగలతో చెప్పాడు. మొదట భయపడ్డాను గాని, నిజమే, శుభ్రమైన నీళ్ళు.

ఆ కాలువ గట్టు మీద కూడా చెట్ల పందిరే. మన కాశ్మీరు చినారుకు దాయాది జాతి. సుమారు 42,000 చెట్లు. 2006లో వాటికి ఒక బూజు తెగులు సోకినట్టు కనిపెట్టారు. దానికి మందు లేదు. తెగులు పక్క చెట్టుకు పాకకుండా వేలకు వేలు కొట్టి కాల్చివేయక తప్పలేదు. కొట్టిన ప్రతిచోటా వేరే జాతి మొక్క నాటుతున్నారు. ఎందుకంత పట్టుదల అంటే, నీడ లేకపోతే ఆ దారిలో ఎవరూ రారు, ఎవరూ రాకపోతే ఆ పల్లెల్లో దుకాణాలు నడవవు. అక్కడ చెట్లను పోగొట్టింది రోగం. మన మర్రిచెట్లకు ఏ రోగమూ లేదు.

ఇక్కడ రెండో పక్షం కూడా చెప్పాలి. బీజాపూర్ రోడ్డు ఇరుకు, మలుపులు ఎక్కువ, టిప్పర్లు ఎక్కువ. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది చనిపోయారు. ఆ ఊళ్ళవాళ్ళు రోడ్డు వెడల్పు చేయమని అడగడంలో తప్పు పట్టే హక్కు సరదాకు సైకిలు తొక్కే నాకు లేదు. నాలుగు వరుసల రోడ్డు రావాలి. చెట్ల కోసం కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళడం వల్ల పని చాలాకాలం ఆగింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటనే ఉంచేట్టు నమూనా మార్చే పద్ధతి మీద 2025 చివర్లో ఆ అడ్డు తొలగింది. మంచిదే. కాని ఏ పక్షమూ అడగని సంగతి ఒకటి మిగిలింది. కొత్త రోడ్డు పాత చెట్లకు ఎడంగా పోయినచోట, చెట్ల కింద మిగిలే పాత తారు ముక్క ఏమవుతుంది? దాన్ని తవ్వి పారేయకుండా సైకిళ్ళకూ, కాలినడకకూ, బడిపిల్లలకూ వదిలితే చాలు. కొత్తగా ఖర్చు పెట్టనక్కరలేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. దాని నీడ మంచిదే, కాదనను. మర్రినీడ మనకు ఊరికే వచ్చింది. అందుకని ఈ విషయమై మన సంఘం తరఫున రోడ్ల అధికారులకు ఒక వినతిపత్రం పంపాలని ప్రతిపాదిస్తున్నాను. అర్జీలు రాయడంలో మనల్ని మించినవారు లేరు కదా!

వయసు మాట చాలామంది అడుగుతారు. ఫ్రాన్సులో వెలోసియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ అనే ఆయన ఉండేవాడు. 1853లో పుట్టి 1930 దాకా జీవించాడు. సైకిలు యాత్రలకు పితామహుడంటారు. శాకాహారి. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు అని ఆయన నియమం. షుగరు ఉన్న మనకు డాక్టరు చెప్పేదీ దాదాపు అదే. గేర్ల సైకిలు వాడడం మొనగాడితనం కాదని పందెగాళ్ళు ఎగతాళి చేసిన కాలంలో ఆయన గేర్ల పక్షాన నిలబడ్డాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో 1937 దాకా గేరు మార్చే సాధనాన్ని రానివ్వలేదు. మనం పందెగాళ్ళం కాదు కనుక మోకాళ్ళ కోసం గేర్ల బండే కొనుక్కోండి. సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడలు కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. గుండెకు సంబంధించి మందులు వాడేవారు డాక్టరును అడిగి మరీ రండి. అనంతగిరి ఎక్కుడు దగ్గర దిగి నడిపించడానికి మేమెవరం మొహమాటపడం.

వచ్చే రెండో ఆదివారం చేవెళ్ళ దాకా మాత్రమే వెళ్తున్నాం. 5 గంటలకు ఎర్రగడ్డ మెట్రో స్టేషను కింద కలుస్తాం. 9 గంటలకల్లా టిఫిను. ఒక ట్యూబు, గాలి పంపు, వెనక ఎర్రదీపం తప్పనిసరి. వినతిపత్రం మీద సంతకాల కాగితం ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. భోజనానికి లేచేటప్పుడు సంతకం చేసి, పి.పి.ఓ. నంబరు కాకుండా ఫోను నంబరు రాయండి.