పవర్ ఆఫ్ అటార్నీ రాసే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టేసిన ఘనులు ఈ సభలో కొందరున్నారు. పేర్లు చెప్పను. మన బదులు ఇంకొకరు చట్టప్రకారం పెట్టే సంతకం గురించి, ప్లీడరుగా నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పమన్నారు. పిల్లలు డాలస్‌లో, ఇల్లు ఒంగోల్లో, పొలం చీమకుర్తి దగ్గర. మనలో చాలామంది సంగతి ఇదే కదా.

కిందటేడు మన బ్యాచ్ వాడే ఒకడు వచ్చాడు. చేతిలో ఆరేళ్ల కిందట వాళ్ల నాన్నగారు కొడుక్కి రాసిచ్చిన జనరల్ పవర్. పెద్దాయనకిప్పుడు మతిమరుపు ముదిరి కొడుకునే గుర్తుపట్టడం లేదు. వైద్యం ఖర్చులకు స్థలం అమ్ముదామంటాడు. "ఇది ఇక పనికిరాదురా" అన్నాను. "అదేంట్రా, నాన్న బతికే ఉన్నాడుగా!" అన్నాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారు చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ఆ అధికారం ఆగిపోతుంది. ఆస్తిలో ఏజెంటుకే సొంత హక్కు ముడిపడి ఉంటే తప్ప మినహాయింపు లేదు. అమెరికాలో 'డ్యూరబుల్' పవర్ అని ఒకటుంది, మతి తప్పాక కూడా నడుస్తుంది. అక్కడి పిల్లలు ఇక్కడా అంతేననుకుంటారు. చివరికి మనవాడు సంరక్షకుడిగా నియమించమని కోర్టుకెళ్లాల్సి వచ్చింది. పెద్దలకు తెలివిడి ఉండగానే బ్యాంకు ఖాతాలో ఇంకొకరి పేరు కలిపించండి, వీలునామా రాయించండి. పవర్ ఉంది కదా అని వాయిదా వేయొద్దు.

ఇక రకాలంటారా, ఒక్క పనికి ఇచ్చేది స్పెషల్, అన్ని పనులకూ ఇచ్చేది జనరల్. నన్నడిగితే స్పెషలే రాయండి. ఫలానా సర్వే నంబరు, ఫలానా విస్తీర్ణం, కౌలుకివ్వడానికా అమ్మడానికా, స్పష్టంగా ఉండాలి. దస్తావేజు లేఖరి దగ్గరున్న నమూనాలో అమ్మకం, తనఖా, సొమ్ము పుచ్చుకోవడం అన్నీ ఉంటాయి. అక్కర్లేనివి తీయించేయండి. మొహమాటపడి సంతకం పెట్టి తర్వాత నా దగ్గరకొచ్చినవాళ్లు ఎందరో.

ఏజెంటు మన తరఫున దస్తావేజు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలంటే నోటరీ ముద్ర చాలదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, మనం ఇక్కడే ఉంటే మన నివాస ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ఎదుటే సంతకం చేయాలి. మంచాన పడ్డవారు ఆఫీసుకు పోనక్కర్లేదు, అధికారే ఇంటికి రావచ్చు. విదేశంలో ఉన్నవారు భారత కాన్సులేట్‌లోనో, అక్కడి నోటరీ ముందో చేయాలి. వాట్సాప్‌లో ఫొటో కాదు, అసలు కాగితం ఇక్కడికి రావాలి. అందిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ గడువు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

జీపీఏ మీద స్థలం "కొన్నాం" అనేవారికి ఒక మాట. జీపీఏతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. సేల్ డీడ్ కావాల్సిందే.

రద్దు చేసుకుంటే అదీ రాతపూర్వకంగా, రిజిస్టరు చేయించి, ఏజెంటుకు నోటీసు పంపండి. అతనితో లావాదేవీలున్న బ్యాంకుకు, కౌలుదారుకు కూడా తెలపండి. తెలియనంతవరకు వాళ్ల దృష్టిలో పాత పవర్ బతికే ఉంటుంది.

మిగతా సందేహాలు భోజనాల దగ్గర అడగండి. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు కళ్లజోడు కూడా తెచ్చుకోండి, నాది ఒక్కటే ఉంది.