అసలు బొమ్మ జోలికి పోకండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేనేళ్ల క్రితం మా బ్యాచ్ లెక్కల మాస్టారిని వెంటబెట్టుకుని ఆటపాక వెళ్లింది. కొల్లేట్లో పడవ మీద మాస్టారు, వెనక చెట్ల నిండా గూడబాతులు. ఫోటో తీసింది నేనే. కార్డులోంచి కంప్యూటర్‌లోకి ‘కట్’ చేసి వేశాను. మెయిల్‌లో పంపడానికని ఫోటోషాప్‌లో 640 పిక్సెళ్లకు కుదించి, అదే పేరుతో సేవ్ చేశాను. అచ్చులో అది రెండంగుళాలకు మించి నిలవదు. మాస్టారు పోయాక పటం కట్టిద్దామంటే ఆ చిన్న బొమ్మే మిగిలింది. సావనీర్‌లో ఆయన ఫోటో అగ్గిపెట్టంత ఉండటానికి కారణం నేనే.

అందుకే చెబుతున్నా. కార్డులోని డీసీఐఎం ఫోల్డర్‌ను కాపీ చేయండి, కట్ వద్దు. రెండు చోట్ల దాచి, తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి. ఫోటోషాప్ అయినా, ఉచితంగా దొరికే గింప్ అయినా, దిద్దేది నకలునే. ‘సేవ్ యాజ్’తో పేరు మార్చండి. జేపెగ్‌ను దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, తిరిగి రాదు.

“రఫ్‌లో చేయరా, ఫెయిర్ పుస్తకం పాడుచేయకు” అనేవారు మాస్టారు. ఆ రోజు గుర్తురాలేదు.

అప్పుడు మీలో ఇంకెవరైనా కెమెరా తెచ్చి ఉంటే, పాత కార్డులు ఒక్కసారి వెతకండి.