తామరాకుపై నీటిబొట్టు

పంచాయతీ సభ్యులారా,

తామరాకుపై నీరు నిలుచును గాని అంటదు. దీనికి కారణమేమో మీకు మనవి చేయదలచినాము. తెలిసికొన్నచో పైరుకు మందు చల్లుటలో ధనమును, శ్రమయు మిగులును.

నీటి అణువులు ఒకదాని నొకటి లాగుకొనుచుండును. అందుచేత బొట్టు గుండ్రముగా ముడుచుకొన జూచును. అది పడిన వస్తువు కూడ నీటిని లాగును. ఆ లాగుడు బలమైనదైనచో బొట్టు పరచుకొనును. బొట్టు అంచు ఆ వస్తువుతో చేయు కోణమే దీనికి కొలత. ఈ సంగతిని 1805లో థామస్ యంగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించెను. కోణము 90 డిగ్రీలకు తక్కువైనచో వస్తువు తడియును. ఎక్కువైనచో బొట్టు పూసవలె నిలుచును. తామరాకుపై మైనమును, కంటికి కానరాని బుడిపెలును, వాని నడుమ గాలియు నుండుటచే కోణము 150 డిగ్రీలను మించును. వరియాకు, చేమాకు కూడ నీటిని అంటనీయవు.

1933లో ప్రారంభమైన విశాఖపట్నము ఓడరేవును చూడుడు. అచ్చట బొగ్గు కుప్పలుగా నిలువయుండును. ధూళి లేచి నగరముపై పడకుండ కుప్పలపై నీరు చల్లుదురు. కాని ఎండిన బొగ్గుపొడి సులభముగా తడియదు. ఇట్టి ధూళిని అణచుటకు నీటిలో తడిపెడు ద్రవ్యములను కొద్దిగా కలుపు పద్ధతి పలు దేశములలో కలదు. అవి నీరు ముడుచుకొను శక్తిని తగ్గించును. మన ఇంటి సబ్బు, కుంకుడురసము చేయునదియు ఈ పనియే.

ఇక పొలమునకు వత్తము. వేపనూనె నీటిలో కలియదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనె వేయునపుడు కొద్దిగా సబ్బుపొడి కలిపినచో, నూనె నీటితో కలిసి ఆకుపై పరచుకొనును. చల్లుటకు ముందు ఒక ఆకుపై ఒక బొట్టు వేసి చూడుడు. దొర్లిపోయినచో సబ్బు చాలలేదు. పలుచగా పరచుకొన్నచో చాలును. సబ్బు మితిమీరినచో మందు జారిపోవును, ఆకు మాడవచ్చును. రసాయనిక మందులలో ఇట్టి ద్రవ్యములు ముందే కలిసియుండవచ్చును గనుక డబ్బాపై వ్రాసిన సూచననే పాటింపవలెను.

ఆకుపై నిలువని మందు ఎచ్చటికి పోవును? నేలపై పడి, వానతో కాలువకును, చెరువునకును చేరును. ఆ నీటినే పశువులు త్రాగును. కావున స్ప్రేయర్లను చెరువులలో కడుగరాదని తీర్మానించి ఊరిలో చాటింపు వేయించుడు. ఒక బొట్టుతో పరీక్షించు విధమును రైతులకు స్వయముగా చూపుడు. దీనికి పంచాయతీ నిధులతో పనిలేదు. మీ శ్రద్ధయే చాలునని మా మనవి.