కొండల నడుమ నగరము - పల్లెల దారులు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



విశాఖపట్టణమునకు రానివారు మీలో ఉండరు. కూరగాయల గంపతో వచ్చినవారును, కొలువునకు వచ్చినవారును, పెద్దాసుపత్రికి రోగిని తెచ్చినవారును ఉందురు. అందరును ఒక సంగతి గమనించియే ఉందురు: ఈ నగరమున ఏ దారియు తిన్నగా పోదు.

దానికి కారణము నేల. ఉత్తరమున కైలాసగిరి వరుస, దక్షిణమున యారాడ కొండలు, పడమట నరవ కొండలు, తూర్పున సముద్రము. ఈ తొట్టి నడుమ ఊరు పెరిగినది. యారాడ కొండ కొస సముద్రములోనికి చొచ్చుకొని యుండుటచేతనే లోపలి రేవునకు గాలివానల నుండి కాపు కలిగినది. 1933లో రేవు తెరువబడినది. నౌకానిర్మాణ కేంద్రమునకు 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన గావించిరి. 1948లో జవహర్‌లాల్ నెహ్రూ 'జల ఉష' నౌకను జలప్రవేశము చేయించిరి. 1957లో నూనెశుద్ధి కర్మాగారము వచ్చినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది.

ఓడకు మేలు చేసిన కొండయే బండికి అడ్డమైనది. పెద్ద కర్మాగారములు హెచ్చుగా దక్షిణపు వైపున ఉన్నవి. పెద్దాసుపత్రి, విశ్వవిద్యాలయము ఉత్తరపు వైపున ఉన్నవి. రాకపోకలన్నియు కొండల సందులలో ఉన్న కొద్ది దారుల మీదనే సాగవలెను. పూర్వము 5వ నెంబరు, ఇప్పుడు 16వ నెంబరు గల జాతీయ రహదారి ఊరి నడుమ నుండియే పోవును. కలకత్తా లారీయు, సిటీ బస్సును, మన పాలవాని సైకిలును దానిమీదనే పోవలసివచ్చెను. అందుకే ఆనందపురము నుండి పెందుర్తి, సబ్బవరముల మీదుగా అనకాపల్లి వరకు ఆరు వరుసల రహదారి నిర్మించిరి. దూరపు లారీలకు అది గొప్ప మేలు. అయితే ఊరొక ప్రక్క, పొలమొక ప్రక్క పడిన రైతు పశువులను తోలుకొని అడ్డముగా దాటరాదు. క్రింది దారి చుట్టైనను దానినే పట్టవలెను.

ఇక బస్సుల మాట. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. 2020 జనవరి 1న దాని ఉద్యోగులు ప్రభుత్వములో విలీనమైరి. 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకము క్రింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. కాని బస్సే రాని ఊరి స్త్రీకి ఉచిత ప్రయాణము వలన ఏమి లాభము?

బస్సు కావలెనని మనవారు వ్రాయు తీర్మానములలో అలంకారములు ఎక్కువ, కొలతలు తక్కువ. డిపో మేనేజరు చూచునవి వేరు: దారి వెడల్పెంత? తూము బస్సు బరువును మోయునా? ఊరి చివర బస్సు మరలుటకు చోటున్నదా? ఉదయమున ఎందరు, ఏ షిఫ్టునకు పోవుదురు? బస్సు మరలుటకు తగిన ఖాళీ జాగాను ఆక్రమణ లేకుండ కాపాడుట మీ చేతిలోని పని. ఆ జాగాలో గడ్డివామి వేసి, బస్సు రాలేదని ఫిర్యాదు చేసిన ఊళ్లును కలవు.

కొండమీది పల్లెల సంగతి మరింత బరువైనది. 2022 ఏప్రిల్ 4 నుండి ఏజెన్సీ ప్రాంతము పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. అక్కడ దారి లేని గూడెములలో నిండు చూలాలిని నేటికిని డోలీలో మోసికొని గెడ్డలు దాటవలసి వచ్చుచున్నది. డోలీ క్రిందికి చేరువరకు అంబులెన్సు రోడ్డుమీద నిలిచి యుండును. ఆ ఒకటి రెండు గంటలలోనే తల్లి ప్రాణమో, బిడ్డ ప్రాణమో పోవచ్చును.

అటవీ భూమి గనుక దారి వేయరాదని చెప్పి ఊరకుండుట సరికాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 3వ సెక్షను 2వ ఉపసెక్షను ప్రకారము, దారికొరకు ఒక హెక్టారుకు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండ, ఇయ్యవచ్చును. అయిదు మీటర్ల వెడల్పున ఇంచుమించు రెండు కిలోమీటర్ల దారికి ఆ భూమి చాలును. దీనికి గ్రామసభ సిఫారసు ఉండవలెను. గ్రామసభ యనగా సర్పంచి, వార్డు సభ్యుల సమావేశము కాదు. ఊరిలోని వయోజనులందరి సభ. ఈ తేడా తెలియక పంచాయతీ తీర్మానమునే పంపి, అది తిరిగి వచ్చినదని నిరాశపడుట వ్యర్థము.

దారి పడిన తరువాత దాని శత్రువు నీరు. కొండవాలు ప్రక్కనున్న కాలువ పూడినచో వాననీరు రోడ్డుమీదికి వచ్చి అంచును కోయును. తొలకరికి ముందే కాలువలు, తూములు శుభ్రము చేయింపుడు. మీ ఊరి ఆటోవారికి ఇంకొక మాట చెప్పుడు: ఇరుకైన ఘాట్ రోడ్డుమీద ఎక్కుచున్న బండికే మొదట దారి ఇయ్యవలెను, ఎక్కుడులో ఆగిన బండిని తిరిగి కదలించుట కష్టము.

బస్సును గూర్చిన అర్జీ డిపో మేనేజరునకు, పంచాయతీ దారిని గూర్చినది పంచాయతీరాజ్ ఇంజనీరునకు, అటవీ భూమిని గూర్చినది గ్రామసభ తీర్మానముతో రేంజి అధికారికి ఇయ్యవలెను. ప్రతి అర్జీకిని నకలు, అందిన రసీదు దగ్గర ఉంచుకొనుడు. మీ ఊరి దారి పటము తెచ్చినవారు సభ ముగిసిన పిమ్మట ఇక్కడనే కొలతలు సరిచూచుకొనవచ్చును.