తెర మీది మెమో ఎవరిది?

(మా సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల కార్యవర్గ సమావేశంలో డి.ఎ. బకాయిల చర్చ ముగిశాక ఒకాయన, "మా టీవీలో రెండు రోజులుగా బొమ్మ రావడం లేదు, ఎవరైనా మంచి మెకానిక్ తెలుసా?" అని అడిగారు. నేను కూర్చున్న చోటి నుంచే రెండు ప్రశ్నలు వేశాను. ఆయన ఇంటికి వెళ్ళి ఒక బటన్ నొక్కారు, బొమ్మ వచ్చింది. ఆ పుణ్యమా అని కార్యదర్శి గారు నన్నీ మైకు ముందు నిలబెట్టారు. నేను ఇంజనీరును కాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైలు ఏ సీటులో ఆగిపోయిందో వెతకడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. టీవీ విషయంలోనూ అదే పనికొస్తుందని ఆలస్యంగా తెలిసింది. ఊరికే తెలియలేదు, నలభై ఎనిమిది వేలు ఫీజు కట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

మనలో చాలామంది ఇంటికి టీవీ వచ్చింది 1984 తరువాతే. అంతకు ముందు 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల పల్లెల్లో 'సైట్' అనే ప్రయోగం జరిగింది గానీ, అది ఊరంతా ఒకే సెట్టు ముందు కూర్చున్న వైభోగం. సొంత టీవీ అంటే మేడ మీద చేపముల్లు లాంటి యాంటెన్నా. గాలికో, కాకి వాలడానికో అది తిరిగిపోయేది. ఒకరు పైకెక్కి గొట్టం తిప్పడం, ఒకరు కిటికీ దగ్గర నిలబడి కేకలు. "వచ్చిందా?" "ఆఁ, వచ్చింది... పోయింది, వెనక్కి తిప్పు!" 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వేళకు మా క్వార్టర్స్‌లో ప్రతి మేడ మీదా ఇదే సంభాషణ.

కానీ ఆ పాత టీవీకి ఒక సుగుణం ఉండేది. తన రోగం తనే చెప్పుకునేది. తెర మీద మంచు కురిసినట్టు చుక్కలు పడితే సిగ్నల్ నీరసంగా ఉందని అర్థం. ప్రతి మనిషి పక్కనా నీడలా ఇంకో మనిషి కనబడితే, అదే తరంగం ఏ మేడకో నీళ్ళ ట్యాంకుకో తగిలి కాస్త ఆలస్యంగా మళ్ళీ వస్తోందన్నమాట. బొమ్మ పైకి దొర్లుతుంటే వెనకాల ఒక మర ఉండేది, అది తిప్పితే నిలిచేది.

ఇప్పటి డిజిటల్ ప్రసారాల తీరు వేరు. సిగ్నల్ ఎంత తగ్గుతున్నా ఒక మేర వరకు బొమ్మ అద్దంలా వస్తూనే ఉంటుంది. ఆ గీత దాటిందా, బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. నిన్న రాత్రి వరకు బాగానే ఉందండీ అంటాం. బాగా లేదు, గీత అంచున ఉంది, మనకు కనబడలేదంతే. అన్నట్టు, దూరదర్శన్ వారు ఆ పాత తరహా ట్రాన్స్‌మిటర్లను కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప 2022 మార్చి నాటికి మూసేశారు. ఇంకా ఎవరి మేడ మీదైనా చేపముల్లు ఉంటే నిశ్చింతగా తువ్వాళ్ళు ఆరేసుకోవచ్చు.

ఇక అసలు విషయం. డిష్ ఉన్న ఇంట్లో బొమ్మ త్రూ ప్రాపర్ ఛానెల్ వస్తుంది. ఉపగ్రహం నుంచి డిష్‌కు, డిష్ ముందు చేతిలా చాచుకుని ఉండే ఎల్.ఎన్.బి.కి, అక్కణ్ణుంచి వైరు గుండా మన సెట్ టాప్ బాక్సుకు, బాక్సు నుంచి ఇంకో పొట్టి వైరు గుండా టీవీకి. టీవీ కేవలం చివరి సీటు. ఇందులో ఎక్కడ ఆగినా తెర మీద ఒక మెమో పడుతుంది. మనం మెమోలోని విషయం చదివి కంగారు పడతాం గానీ, కింద సంతకం ఎవరిదో చూడం. ఆఫీసులో అలా చేసేవాళ్ళమా?

సంతకం పోల్చడం కష్టమేమీ కాదు. ఖాళీ తెర మీద 'నో సిగ్నల్' అని చిన్న అక్షరాలు మాత్రమే ఉంటే, ఒక్కోసారి అవి అటూ ఇటూ తిరుగుతుంటే, అది టీవీ రాసిన మెమో. 'నా దగ్గరకు బాక్సు నుంచి కాగితమే రాలేదు' అంటోంది. అప్పుడు ఆకాశాన్ని తప్పు పట్టక్కర్లేదు. బాక్సు దీపం వెలుగుతోందా, పొట్టి వైరు ఊడిందా, లేక టీవీ వేరే ద్వారం దగ్గర కూర్చుని ఎదురుచూస్తోందా చూడాలి. టీవీకి హెచ్.డి.ఎం.ఐ. 1, 2, ఏ.వి. అని చాలా ద్వారాలుంటాయి. బాక్సు ఒకటో ద్వారంలో ఉండి, టీవీ రెండో ద్వారం చూస్తుంటే ఎన్నాళ్ళు కూర్చున్నా ఏమీ రాదు. టీవీ రిమోట్‌లో 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' బటన్ నొక్కి ఒక్కొక్క ద్వారమే మార్చి చూడాలి. టీవీ రిమోట్ అని ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, చాలా ఇళ్ళలో అది బీరువాలో ఉంటుంది.

అలా కాక, తెర మీద కంపెనీ బొమ్మ, రంగు, ఒక నంబరుతో సహా సందేశం ఉంటే అది బాక్సు రాసిన మెమో. అంటే బాక్సు నుంచి టీవీ దాకా దారి బాగానే ఉంది, తప్పు పైన ఉంది. అనుమానంగా ఉంటే బాక్సు రిమోట్‌లో 'మెనూ' నొక్కండి. మెనూ తెర మీదకు వస్తే టీవీ నిర్దోషి. ఇక మూడో రకం, ఈ ఛానెల్ మీ ప్యాక్‌లో లేదు అని. ఇది రిపేరు కాదు, పద్దు. 2019 ఫిబ్రవరి నుంచి ఛానెళ్ళకు విడివిడిగా ధర పెట్టే పద్ధతి వచ్చింది. గడువు తీరినా, ప్యాక్ మారినా కొన్ని ఛానెళ్ళు జారిపోతాయి. దానికి మెకానిక్ ఎందుకు?

ఇప్పుడు నా ఫీజు సంగతి. 2023లో సంక్రాంతి వెళ్ళిన వారం. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయి హాల్లో మంచం మీద ఉంది. ఆమెకు పగలంతా ఎస్.వి.బి.సి.లో స్వామివారి సేవలే కాలక్షేపం. పండక్కి వచ్చిన పిల్లలు వెళ్ళిపోయిన మర్నాడు టీవీ పెడితే 'నో సిగ్నల్'. "ఏవండీ, స్వామి రావడం లేదు" అంది. కదల్లేని మనిషి అడిగిందన్న ఆదుర్దాలో నేను ఫోన్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనబడిన దానికే చేశాను. అవతలివాడు ఎంతో మర్యాదగా, "పెద్దవారు, మీరు లేవకండి సార్, నేను ఇక్కణ్ణుంచే సరిచేస్తాను" అన్నాడు. ఒక యాప్ వేసుకోమన్నాడు. రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు పంపమన్నాడు. ఆ యాప్ వల్ల నా ఫోన్ తెర మొత్తం వాడికి కనబడుతోందని నాకు తెలియదు. నేను నొక్కిన పిన్ను, వచ్చిన ఓ.టి.పి. అన్నీ వాడు చూస్తూనే ఉన్నాడు. రెండు విడతలుగా నలభై ఎనిమిది వేలు పోయాయి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. జీవితమంతా ఇతరుల బిల్లుల్లో తప్పులు వెతికినవాణ్ణి, ఏ ముఖంతో చెప్పను? నాలుగో రోజు మందుల షాపు బిల్లుకు డబ్బు చాలక మా ఆవిడ దగ్గర బయటపడ్డాను. సైబర్ నేరాలకు ఫిర్యాదు చేసే 1930 నంబరుకు అప్పుడు చేశాను. డబ్బు ఇంకో ఖాతాలోకి, అక్కణ్ణుంచి మరో ఖాతాలోకి వెళ్ళిపోయిందట. వెంటనే చేసి ఉంటే మధ్యలో ఆపే అవకాశం ఉండేదన్నారు. నా మూడు రోజుల సిగ్గు ఖరీదు అది. ఆ ఆదివారం మనవడు ఫోన్ చేసి, "తాతయ్యా, నేను గేమ్ ఆడుకుని హెచ్.డి.ఎం.ఐ. రెండులో వదిలేశాను, ఒకటి పెట్టు" అన్నాడు. పెట్టాను. బొమ్మ వచ్చింది. మా ఆవిడ తెర వంక దండం పెట్టి, "పోనివ్వండి, వచ్చారుగా" అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచే ఈ వ్యవహారం కూలంకషంగా తెలుసుకోవడం మొదలుపెట్టాను. బాక్సే మెమో రాసినప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. బాక్సు సెట్టింగుల్లో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలు కనబడతాయి. రెండూ సున్నా అయితే సాధారణంగా వైరు తెగడమో, బిగింపు వదులవడమో, ఎల్.ఎన్.బి. పోవడమో. బలం ఉండి నాణ్యత సున్నా అయితే డిష్ పక్కకు జరిగిందని అనుమానించాలి. కొన్ని ఛానెళ్ళు గుంపుగా పోయి మిగతావి వస్తుంటే ఇంకో కారణం ఉండవచ్చు. తరంగాలు అడ్డం, నిలువు అని రెండు జాతులు. ఏది కావాలో బాక్సు ఆ వైరు గుండానే 13 వోల్టులో 18 వోల్టులో పైకి పంపి ఎల్.ఎన్.బి.కి చెబుతుంది. వైరు పాతబడి నీరు పట్టితే ఒక జాతి పూర్తిగా మాయమవుతుంది. ఆ వైరులో కరెంటు ఉంటుంది కనుక బాక్సు ప్లగ్గు తీయకుండా దాన్ని ఊడదీయకూడదు.

దూరదర్శన్ వారి ఉచిత డిష్ ఉన్నవారికి నెల చందా లేదు. దాని ఉపగ్రహం జీశాట్-15, 2015 నవంబరులో పైకి వెళ్ళింది. భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36,000 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. మన కోస్తా నుంచి చూస్తే ఆగ్నేయంగా, బాగా ఎత్తున. వాస్తు ప్రకారం వంటిల్లు ఎటో అటే అనుకోండి. ఆ దిక్కున పక్కింటివారి కొబ్బరిచెట్టు ఎదిగితే గాలి వీచినప్పుడల్లా మట్ట అడ్డొచ్చి బొమ్మ విరుగుతుంది. మా వీధిలో ఒకరు బాక్సు కూడా మార్చారు, చివరికి తేలింది మట్ట. ఇందులో ఛానెళ్ళు అప్పుడప్పుడు మారుతుంటాయి, ఏదైనా తప్పిపోతే ముందు ఆటో స్కాన్ చేయించండి.

జోరు వాన వస్తే బొమ్మ పోవడం సహజం. ఆ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లు. చినుకులు వాటిని మింగేస్తాయి. వాన తగ్గితే అదే వస్తుంది. ఇంకొకటి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మార్చి మొదటి పక్షంలోనూ, సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. పగటిపూట కొద్ది నిమిషాలు ఆ వేడి రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. రోజూ ఇంచుమించు అదే వేళకు పోయి, అదే వచ్చేస్తుంటే ఎవరినీ పిలవకండి. కాఫీ తాగండి.

కేబుల్ ఉన్నవారు ముందు పక్కింటి తలుపు తట్టండి. వాళ్ళకూ లేకపోతే అది ఆపరేటర్ గారి పని. డిష్ తిప్పాలన్నా, నిచ్చెన ఎక్కాలన్నా మన వయసువాళ్ళు ఆ పని పెట్టుకోవద్దు. తుంటి ఎముక ఖర్చు ముందు టీవీ ఖర్చు ఎంత?

మా ఇంట్లో ఇప్పుడు టీవీ వెనకాల ఒక అట్ట అంటించి ఉంది. మా ఖాతా నంబరు, బాక్సుతో వచ్చిన పుస్తకంలో అచ్చయిన కంపెనీ నంబరు, బాక్సు ఉండే ద్వారం పేరు, ఆ కింద ఎర్ర సిరాతో 1930. కార్యదర్శి గారు ఒప్పుకుంటే అలాంటివి సైక్లోస్టైల్... క్షమించాలి, జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇస్తాను. వెనక వరుసలో మాష్టారు గారు చాలాసేపటి నుంచి చేయి ఎత్తుతున్నారు. చెప్పండి మాష్టారూ, మీ తెర మీద ఏం రాసి ఉంది?