లెక్కల్లో మనమూ, మన తల్లులూ

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2021లో జరగవలసిన జనాభా లెక్కలకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. 2027 మార్చి 1 నాటికి ఉన్న జనాన్ని లెక్కిస్తారు. ఈసారి కులం కూడా రాస్తారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పనిచేసే మనం దీన్ని స్త్రీల వైపు నుంచి చూడాలి.

మొదటిది వలస. 2011లో గణకులు ఇంటింటికీ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. పాలమూరులో అది ఊళ్లు ఖాళీగా ఉండే కాలం. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ఆలుమగలు కాల్వ పనులకో, ఇటుక బట్టీలకో పోయి ఉంటారు. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను ఎక్కడుంటే అక్కడే రాయాలని నియమం. పని జాగాలో గుడిసె దాకా గణకుడు రాకపోతే ఆమె రెండు చోట్లా లేనట్టే.

రెండోది పని. "మీ ఇంటామె ఏం పని చేస్తది?" అని అడిగితే "ఏం లేదు, ఇంట్లనే ఉంటది" అని మగవాళ్లు జవాబు చెప్తారు. కలుపు తీసేదీ, పత్తి ఏరేదీ, బర్రెను చూసేదీ, గద్వాల మగ్గానికి కండెలు చుట్టేదీ ఆమే. కూలి రాని సేద్యం పనీ, ఇంటి వృత్తి పనీ లెక్కలోకి వస్తాయని 1991లో ప్రశ్నలోనే చేర్చారు. ఆ మాట వినిపించకుండా గణకుడు పేజీ తిప్పేస్తే ఆ మార్పు వల్ల లాభమేముంది?

మూడోది ఇంటి పెద్ద ఎవరన్నది. జోగినీ వ్యవస్థను చట్టం 1988లోనే నిషేధించింది. ఆ వ్యవస్థలో నలిగి, ఒంటరిగా పిల్లల్ని పెంచిన స్త్రీ తన ఇంటికి తానే పెద్ద. ఆమె పేరే మొదట రాయించాలి.

ఇక కుటుంబ చరిత్ర సంగతి. సంస్థానాధీశుల వంశాలకు దస్త్రాలున్నాయి. పిచ్చుకుంట్లవాళ్లు గోత్రాలు చెప్తారు, గోత్రమేమో తండ్రి వైపుది. కూలితల్లి చరిత్రకు కాగితమేది? 2011 ఫారంలో ఆమె పుట్టిన ఊరు అడిగారు. ఈ ఊరికి పెళ్లి వల్ల వచ్చిందా అని అడిగారు. ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అనీ అడిగారు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డకు ఆ గడి తప్ప వేరే గుర్తు ఉండకపోవచ్చు.

అయితే 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ ఫారాలు ఎవరూ చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. బ్రిటన్‌లో 1921 నాటి ఫారాలు వందేళ్లు దాటాక 2022లో బయటికొచ్చాయి. అమెరికాలో 72 ఏళ్లకు తెరుస్తారు. అక్కడి మనుమరాలికి దొరికేది మనకు దొరకదు. ఆ గోప్యతను మనం కాదనడం లేదు. ఒంటరి స్త్రీ భయపడకుండా నిజం చెప్పగలిగేది దాని వల్లనే.

మనకు అందుబాటులో ఉన్నవి ఊరివారీ అంకెలు. వాటిని వెతకడానికీ దారి తెలియాలి. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడ్డాయి, అంతకుముందు మహబూబ్‌నగర్ కింద చూడాలి. గద్వాల, అలంపూర్ తాలూకాలైతే 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండేవి. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లలో ఒకప్పుడు ఎంతమంది బతికారో పాత జిల్లా సెన్సస్ పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. కానీ వాటిలో పేర్లుండవు.

అందుకే రెండు పనులు చేద్దాం. వలస పోయేవాళ్ల జాబితా ముందే తయారుచేసి, వాళ్లు పనిచేసే చోటి అధికారులకు పంపాలి. ప్రతి సంఘమూ ఒక నోటుబుక్కు పెట్టి, ఒప్పుకున్న ప్రతి స్త్రీ పేరు, ఆమె తల్లి పేరు, అమ్మమ్మ పేరు, పుట్టిన ఊరు, చేసిన పనులు రాయాలి. ఆ పుస్తకం ఆ స్త్రీల దగ్గరే ఉండాలి. అమ్మమ్మల పేర్లు చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్దాం.