ఆనందరంగపిళ్ళై దినచర్యలో ఒక పుట
(సమాజ వార్షికోత్సవమున చేసిన ప్రసంగపాఠము)



పుదుచ్చేరిలో తెలుగును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినప్పుడు నాకు ముందుగా స్ఫురించినది పెద్ద మార్కెట్టు దాపుననున్న ఆనందరంగపిళ్ళైగారి మేడ. ఆయన 1709లో జన్మించి 1761 జనవరిలో గతించిన వర్తకుడు. డూప్లే దొర కొలువులో దుబాసీ. కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథమును ఆయన పేర ‘ఆనందరంగరాట్ఛందము’ అని వెలయించెను. తమిళ వర్తకుని పేర తెలుగు ఛందోగ్రంథము! ఈ సంగతి చెప్పుకొని మనము మురియుచుందుము. నేనును పలుమారులు మురిసితిని.

అయితే పిళ్ళైగారు స్వయముగా వ్రాసిన గ్రంథమొకటి కలదు. 1736 నుండి తమిళమున వ్రాసికొన్న దినచర్య యది. దాని ఆంగ్లానువాదము మద్రాసున పండ్రెండు సంపుటములుగా వెలువడినది. అందు 1743 జూను నాటి వ్రాత చదివి, పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. కొందరు దళారులు జనులను మాయమాటలతో తోడ్కొనివచ్చి, తలలు గొరిగించి, నల్లబట్టలు కట్టించి, మారిషస్‌కు పోవు ఓడలకెక్కించుటకై దాచియుంచిరట. ఇందు గమనింపవలసినదేమనగా, అలజడి రేగినది స్వతంత్రులను అపహరించినందుకు. వెల యిచ్చి కొన్నవారిని ఎగుమతి చేయుట అప్పటికి నేరము కాదు. పిళ్ళైగారు ఆ బేరము చేసిరని నేననుట లేదు. ఓడల రాకపోకలను, సరుకుల ధరలను వ్రాసిన కలమే దీనిని గూడ వ్రాసినది.

ఆ దీవికి ఇంతమంది మనుష్యులేల? 1735లో అచ్చటికి గవర్నరుగా వచ్చిన లాబూర్దొనే, అంతకుమున్ను ఈ తీరమున సొంతవ్యాపారము చేసినవాడే. రేవు కట్టించెను, చెరకు నాటించెను. ఆఫ్రికా నుండియు, మడగాస్కరు నుండియు, మన తీరము నుండియు తెచ్చిన బానిసల చెమట ఆ నేలలో ఇంకినది. (అటుపిమ్మట ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన మన కోరంగివారి కథ వేరు, ఆ రెంటిని కలుపరాదు.)

1723 నాటి రాజశాసనము బానిసను చరాస్తిగా నిర్ణయించెను. అనగా యజమాని మరణించినచో గానుగ, ఎద్దులు, మనుష్యులు ఒకే జాబితాలో వారసులకు సంక్రమింతురు. దస్త్రములతో కాలము గడపు మావంటివారికి జాబితా యనిన వట్టి కాగితము. ఆ కాగితముననే ఒక తల్లి యొక వారసునికి, బిడ్డ యొక వారసునికి పోయిన రోజులవి.

మాదలేన్ అను నామె చంద్రనగరున పసితనముననే అమ్ముడుపోయి, ఫ్రాన్సునకు, అటనుండి బూర్బో దీవికి, అనగా నేటి రీయూనియన్‌కు, చేరినది. 1789లో విడుదలయైనను ఆ మాట ఆమెకు తెలియనీయలేదు. ఆమె కుమారుడు ఫ్యూర్సీ 1786లో జన్మించెను. యజమానురాలు మరణించిన పిదప లోరీ యను వారసుని ఆస్తియయ్యెను. 1817లో తాను స్వతంత్రుడనని దావా వేసినందుకు చెఱసాల పాలై, పిదప మారిషస్‌లోని తోటకు పంపబడెను. అతడు విడువలేదు. 1843 డిసెంబరులో పారిసు న్యాయస్థానము అతడు పుట్టుకతోనే స్వతంత్రుడని తీర్పు చెప్పెను; తల్లి ఫ్రెంచి నేలపై అడుగిడినందున ఆమెయు దాసి కాదన్నమాట. పుట్టుకతో ఉన్న స్వేచ్ఛ చేతికందుటకు యేబదియేడేండ్లు పట్టినది!

ఈలోగా ఇంగ్లీషువారు 1835లో మారిషస్‌లో బానిసత్వమును రద్దు చేసి యజమానులకు ఇరువది లక్షల పౌనులకు పైగా నష్టపరిహారము నిచ్చిరి. బానిసలకు ఒక్క కాసైనను లేదు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. వచ్చే యేడు ఛందోగ్రంథముపై గోష్ఠి జరుపదలచినారట, మిక్కిలి సంతోషము. ఆ సాయంకాలమే దినచర్యలోని ఆ 1743 నాటి పుటను గూడ ఎవరైన తెలుగు చేసి చదువవలెను. అనువాదమునకు మరెవ్వరును ముందుకు రాకున్న, నేనే చేయుదును.